పెద్దవాళ్లతో పాత ఇంగ్లీషు నవల పూర్తిగా చదివించడం ఎలా? ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’తో 24 వారాల పద్ధతి

ఉద్యోగాలు చేసేవాళ్లు, రిటైరైనవాళ్లు, ఇల్లు చూసుకునేవాళ్లు కలిసి ఒక 19వ శతాబ్దపు నవల చదవాలంటే ఎలా నడిపించాలి అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందరి ఇబ్బందీ దాదాపు ఒకటే. పదిహేనుమందితో మొదలవుతుంది, రెండో నెలకి నలుగురు మిగులుతారు.

నేను చూసినంతలో పుస్తకం కష్టమని మానేసేవాళ్లు తక్కువ. ఇంట్లో పెళ్లో, ఆఫీసులో ఆడిటో వచ్చి రెండు వారాలు చదవడం కుదరదు, మూడో వారం “చదవకుండా ఏం మొహం పెట్టుకుని వెళ్లను” అని ఆగిపోతారు, ఇక రారు. పెద్దవాళ్ల క్లాసు అక్కడే చెదిరిపోతుంది. అందుకని కింద చెప్పే లెక్కలు, రూల్స్, ప్రశ్నలు అన్నీ ఒక్క పని కోసమే: వెనకబడ్డ మనిషి మొహమాటం లేకుండా తిరిగి వచ్చి కూర్చోవాలి, కూర్చున్నాక పేజీ మీద కళ్లు పెట్టాలి.

ఇది నడిపించేవాళ్ల కోసం రాసింది కాబట్టి కథలో రహస్యాలు బయటికి వస్తాయి. నవల ఇంకా చదవనివాళ్లు ముందు చదివి రండి.

## 1. పుస్తకం ఎంచుకోవడం

మొదటిసారి నడిపేవాళ్లకి నా సలహా డికెన్స్ రాసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’. కథ మొదటి పేజీలోనే పట్టుకుంటుంది. కథానాయకుడు పిప్పే ‘నేను’ అంటూ చెబుతాడు కాబట్టి ఎవరు మాట్లాడుతున్నారో అన్న గందరగోళం ఉండదు. పైగా ఇది పెద్దయిన మనిషి తన చిన్నప్పటి సిగ్గుని, తను చేసిన చిన్నచూపుని వెనక్కి తిరిగి చూసుకునే కథ, అది నలభై దాటినవాళ్లకి అందినట్టు కాలేజీ పిల్లలకి అందదు.

ఆరు నెలలు కుదరదంటే జార్జ్ ఎలియట్ ‘సైలస్ మార్నర్’ తీసుకోండి, మూడు నెలల్లో అయిపోతుంది. ఇంకా తక్కువ సమయముంటే టాల్‌స్టాయ్ ‘ఇవాన్ ఇల్యిచ్ మరణం’, 12 చిన్న అధ్యాయాలే, ఇంగ్లీషు అనువాదం చదివితే చాలు.

జేన్ ఆస్టిన్‌తో మాత్రం మొదలుపెట్టకండి. వాక్యాలు తేలిగ్గానే కనిపిస్తాయి కానీ ఆవిడ ఎక్కడ పొగుడుతోందో, ఎక్కడ చురక వేస్తోందో కొత్తవాళ్లకి దొరకదు, దొరక్కపోతే ఆ పుస్తకంలో పెళ్లి సంబంధాలు తప్ప ఏమీ మిగలదు. రెండో పుస్తకంగా చాలా బాగుంటుంది.

గ్రూప్‌లో సగంమందికి ఇంగ్లీషు ఇబ్బంది అయితే కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ ఉంది, 1878లో ‘వివేకవర్ధని’లో వచ్చింది, 1880లో పుస్తకమైంది. పద్ధతి ఇదే. కాకపోతే అక్కడ పని గ్రాంథికం సంధులు విడదీయడం, పొడుగు వర్ణనలు గట్టిగా చదవడం.

ఏది తీసుకున్నా మీరు కనీసం రెండుసార్లు చదివి ఉండాలి. రెండోసారి పెన్సిల్‌తో.

## 2. ఎడిషన్ దగ్గర జరిగే పొరపాట్లు

ఇక్కడ పది నిమిషాల జాగ్రత్త తీసుకోకపోతే మొదటి నెలంతా పోతుంది. మా గ్రూప్‌లో ఒకావిడ మూడో వారంలోనే నవల మొత్తం అయిపోయిందని సంతోషంగా చెప్పారు, తీరా చూస్తే ఆవిడ కొన్నది పిల్లల కోసం కుదించిన పుస్తకం. పైన ఎక్కడా ఆ మాట పెద్ద అక్షరాల్లో లేదు. ఆవిడ నొచ్చుకున్నారు, నేను ముందే చూసుకోవాల్సింది.

- పుస్తకంలో మొత్తం 59 అధ్యాయాలు ఉన్నాయా? లేకపోతే అది కుదించినదే.
- కొన్ని ఎడిషన్లలో మూడు భాగాలకీ అధ్యాయాల నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలవుతాయి: 19, 20, 20. అలాంటి పుస్తకం ఎవరి దగ్గరుందో తెలుసుకుని వాళ్లకి నంబర్ల పట్టిక ఒకటి రాసివ్వండి.
- పేజీ నంబర్లు ఎప్పుడూ చెప్పకండి. “8వ అధ్యాయం, ఫలానా మాటతో మొదలయ్యే పేరా” అని చెప్పండి.
- కొనలేనివాళ్లకి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోవడం పక్కన కూర్చుని చూపించండి, “సెట్టింగ్స్‌లో ఉంటుంది” అని వదిలెయ్యకండి.
- లిబ్రివాక్స్ వెబ్‌సైట్‌లో ఆడియో ఉచితం. చూపు ఇబ్బంది ఉన్నవాళ్లకి, బస్సులో వెళ్లేవాళ్లకి ఇది ఊతకర్ర. వినడం కూడా చదివినట్టే లెక్క అని మొదటి రోజే అందరి ముందూ చెప్పండి.

## 3. మొదలుపెట్టేముందు ఒక్కొక్కరితో పది నిమిషాలు

గ్రూప్ మెసేజ్‌లో ఫారం పెట్టి నింపమంటే ఎవరూ నిజం రాయరు. ఫోన్ చెయ్యండి. నేను నాలుగే అడుగుతాను:

1. ఏ భాషలోనైనా సరే, మీరు చివరిదాకా చదివిన పుస్తకం ఏది?
2. రోజులో మీకంటూ పదిహేను నిమిషాలు ఎప్పుడు దొరుకుతాయి?
3. చిన్న అక్షరాలు చదవడంలో ఇబ్బంది ఉందా?
4. ఇంగ్లీషు అందరి ముందూ గట్టిగా చదవమంటే ఎలా ఉంటుంది?

నాలుగో ప్రశ్నకి “అమ్మో, వద్దండీ” అన్నవాళ్ల పేర్లు రాసుకోండి. వాళ్లంతట వాళ్లు చదువుతామనేదాకా వాళ్లని చదవమని అడగకూడదు. ఒక్కసారి ఉచ్చారణ దగ్గర తడబడి ఎవరో నవ్వారంటే ఆ మనిషి మళ్లీ రారు, అది నేను కళ్లారా చూశాను.

ఎనిమిది నుంచి పన్నెండుమంది సరిపోతారు.

ఇంకో చిన్న విషయం, చిన్నదే కానీ క్లాసు గాలి మార్చేస్తుంది. ఇరవై అయిదేళ్ల అమ్మాయి, అరవై ఎనిమిదేళ్ల రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఆయన్ని అందరూ ‘సార్’ అని, ఆ అమ్మాయిని ‘నువ్వు’ అని పిలిస్తే రెండో వారానికి ఆయన పాఠం చెబుతుంటారు, ఆ అమ్మాయి నోట్స్ రాసుకుంటుంటుంది. అందుకే అందరికీ ‘గారు’, అందరికీ ‘మీరు’. మీకు కూడా.

## 4. 24 వారాల లెక్క

నవల సుమారు 1,85,000 మాటలు ఉంటుంది. వింటే గుండె జారుతుంది, అందుకని ఈ అంకె గ్రూప్‌కి చెప్పేముందు దాన్ని రోజుల్లోకి మార్చి చెప్పండి. చదవడానికి 21 వారాలు పెట్టుకుంటే వారానికి దాదాపు 8,800 మాటలు. నిమిషానికి 120 మాటల చొప్పున నిదానంగా చదివేవాళ్లకి అది గంటా పదిహేను నిమిషాలు. అంటే రోజుకి పదిహేను నిమిషాల చొప్పున అయిదు రోజులు, రెండు రోజులు సెలవు.

- 1వ వారం: 1వ అధ్యాయం ఒక్కటే, అదీ క్లాసులోనే.
- 2 నుంచి 7: వారానికి మూడు అధ్యాయాలు. 19వ అధ్యాయంతో మొదటి భాగం పూర్తి.
- 8: ఖాళీ వారం.
- 9 నుంచి 15: రెండో భాగం, 20 నుంచి 39 దాకా. 39వ అధ్యాయంలో పెద్ద మలుపు ఉంది కాబట్టి ఈ భాగం చివరి వారానికి రెండే అధ్యాయాలు, 38, 39.
- 16: ఖాళీ వారం.
- 17 నుంచి 23: మూడో భాగం, 40 నుంచి 59 దాకా. దీనికీ చివరి వారం రెండే.
- 24: రెండు ముగింపులు, వెనక్కి చూడటం.

ఈ నవల 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారపత్రికలో 36 వారాలు వచ్చింది, అప్పటివాళ్లు వారానికి ఒకటో రెండో అధ్యాయాలు చదివి మిగతా వారమంతా ఎదురుచూశారు. మనం వాళ్ల కంటే వేగంగానే వెళ్తున్నాం అని చెబితే “నెమ్మదిగా చదువుతున్నాను” అని బాధపడేవాళ్లకి ధైర్యం వస్తుంది.

ఖాళీ వారాల్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తీసెయ్యకండి. ఆ వారం కొత్త అధ్యాయాలుండవు, క్లాసు మాత్రం ఉంటుంది. వెనకబడ్డవాళ్లు అందుకుంటారు, ముందున్నవాళ్లు తమకి నచ్చిన ఒక పేజీ తెచ్చి గట్టిగా చదువుతారు. మూడు వారాలు రాని మనిషికి ఫోన్ చేసి “వచ్చే ఆదివారం ఖాళీ వారమండీ, మీరు ఆగిన చోటు నుంచే రండి” అని చెప్పగలిగే అవకాశం ఇది ఒక్కటే.

## 5. ప్రతివారం మీరు చేసుకోవాల్సిన ప్రిపరేషన్

ఒక్క కాగితం. అందులో ఆ వారం కొత్తగా వచ్చే మనుషుల పేర్లు, అయిదు మాటల అర్థాలు, గట్టిగా చదవడానికి ఒక పేరా, విడదీయడానికి ఒక వాక్యం, రెండు ప్రశ్నలు. ఇంకేం వద్దు. అయిదు మాటలంటే అయిదే, యాభై మాటల పట్టిక ఇస్తే అది పరీక్ష పేపరులా కనిపిస్తుంది.

పేర్లు. ఒక పెద్ద చార్ట్ మీద బంధుత్వాలతో రాయండి. మనవాళ్లకి పేర్ల కంటే వరసలు బాగా గుర్తుంటాయి. మిసెస్ జో పిప్‌కి అక్క, జో బావ. ‘బ్రదర్ ఇన్ లా’ అని చదివినప్పుడు మామూలుగా వెళ్లిపోయినవాళ్లు “అంటే బావా!” అనగానే కథలోకి వచ్చేస్తారు. అయితే ఒక జాగ్రత్త. మన బావ వరసలో పరాచికం ఉంటుంది. జో అలాంటివాడు కాదు, పిప్ అతన్ని తనలాంటి ఒక పెద్ద పిల్లాడిగా చూస్తాడు, ఇద్దరూ ఆ ఇంట్లో ఒకే మనిషి చేతిలో దెబ్బలు తినేవాళ్లు. ఆ తేడా మాటల్లో పెట్టించండి.

డబ్బు. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు, 21 షిల్లింగులు ఒక గినీ. దీన్ని ఇప్పటి రూపాయల్లోకి మార్చే ప్రయత్నం చెయ్యకండి, అరగంట వాదన తప్ప ఏం తేలదు. కథలోవే పక్కపక్కన పెట్టండి. జో దగ్గర పిప్ కమ్మరి పని నేర్చుకోవడానికి డబ్బున్నావిడ మిస్ హావిషమ్ ఇచ్చింది 25 గినీలు. తర్వాత కొత్త బట్టలకే లాయరు జాగర్స్ పిప్‌కి ఇచ్చింది 20 గినీలు. పెద్దయ్యాక ఏడాదికి 500 పౌండ్లు. ఈ మూడు అంకెలు బోర్డు మీద ఉంటే చాలు, పిప్ తల ఎందుకు తిరిగిందో ఎవరూ వివరించక్కర్లేదు.

అర్థం మారిన మాటలు. తెలియని మాటల కంటే తెలుసు అనుకునే మాటలే ఎక్కువ ముంచుతాయి. ఆ కాలపు నవలల్లో ‘వాంట్’ అంటే చాలాచోట్ల ‘కొరత’. ‘సెన్సిబుల్’ అంటే ‘ఎరుక ఉన్న’. ‘మేకింగ్ లవ్’ అంటే ప్రేమగా మాట్లాడటం, ‘ఇంటర్‌కోర్స్’ అంటే రాకపోకలు, మాటామంతీ. చివరి రెండూ మీరే ముందు మామూలు గొంతుతో చెప్పెయ్యండి. చెప్పకపోతే గట్టిగా చదువుతున్న మనిషి మధ్యలో ఆగిపోయి ఇబ్బంది పడతారు.

నేపథ్యం. అవసరమైన చోటే, అవసరమైనంతే. 1వ అధ్యాయం తర్వాత ‘హల్క్స్’ అంటే పాత ఓడల్ని జైళ్లుగా మార్చి నీళ్ల మీద నిలిపినవి అని రెండు ముక్కలు. యావజ్జీవం ఆస్ట్రేలియాకి పంపిన ఖైదీ తిరిగొస్తే ఉరే అన్న సంగతి 39వ అధ్యాయం దాకా దాచుకోండి.

## 6. మొదటి క్లాసు

రచయిత జీవితం చెప్పొద్దు. విక్టోరియా రాణి వద్దు. స్లైడ్లు అసలే వద్దు. అందరూ కుర్చీల్లో సర్దుకోగానే మీరే 1వ అధ్యాయం గట్టిగా, నిదానంగా చదవండి. పావుగంటలో అయిపోతుంది. శ్మశానం, సమాధి రాళ్లు, చలి, ఒంటరి పిల్లాడు, కాలికి ఇనుప గొలుసుతో పైకి లేచిన ఖైదీ. అర్థం కాని మాటల దగ్గర ఆగకండి, ఎవరైనా ఆపబోతే “చివరిదాకా విందాం” అనండి.

చదవడం అయ్యాక తెలుగులో ఒకే ప్రశ్న: “మీకు ఏం కనిపించింది?” ఒకరు రాళ్లు అంటారు, ఒకరు గొలుసు అంటారు, ఒకరు పిల్లాడిని తలకిందులు చేసి జేబులు దులపడం అంటారు. పది నిమిషాల్లో అధ్యాయమంతా వాళ్ల నోటి నుంచే బయటికి వస్తుంది. “నాకు ఇంగ్లీషు రాదు” అన్న మనిషికి కూడా ఎంత అందిందో ఆ మనిషికే తెలుస్తుంది.

ఖైదీ ‘విటిల్స్’ (wittles) అంటాడు కదా, అది తిండి అనే అర్థం ఉన్న ఇంగ్లీషు మాట victuals, అతని యాసలో వీ అక్షరం డబ్ల్యూ అయింది. ఈ నవలలో యాస వచ్చిన ప్రతిచోటా మందు ఒకటే, కళ్లతో కాకుండా నోటితో చదవడం. చెవికి తెలిసిపోతుంది.

రెండో ప్రశ్న నవలంతటికీ తాళంచెవి: “ఇది చెబుతున్నది ఎవరు, ఏడేళ్ల పిల్లాడా, పెద్దవాడా?” భయపడుతున్నది పిల్లాడు, ఆ భయం మీద చిరునవ్వు నవ్వుతున్నది పెద్దవాడు. బోర్డు మీద ‘చిన్న పిప్, పెద్ద పిప్’ అని రాసి అక్కడే ఉంచెయ్యండి. ఇరవై నాలుగు వారాలూ “ఈ మాట చిన్న పిప్‌దా, పెద్ద పిప్‌దా?” అని అడుగుతూనే ఉంటారు.

## 7. పొడుగు వాక్యాన్ని విడదీయడం

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడ. కారణం వాళ్ల ఇంగ్లీషు తక్కువని కాదు, మన భాష అలవాటు వేరు. తెలుగులో క్రియ చివర వస్తుంది, చివరిదాకా ఓపిగ్గా వింటే అంతా ముడిపడుతుంది. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేసి వెనక తోక పెరుగుతూ పోతుంది. మనవాళ్లు అలవాటుగా చివర్లో ఏదో వస్తుందని ఎదురుచూస్తూ మొదట్లో వచ్చిన అసలు మాట జారవిడుస్తారు.

మందు మన బడిలోనే ఉంది. పద్యానికి అన్వయం చెప్పుకున్నాం కదా, కర్త ఎవరు, క్రియ ఏది, కర్మ ఏది అని. అదే ఇక్కడ చెయ్యండి. హైస్కూల్లో తెలుగు పద్యాలు చదివినవాళ్లెవరికీ ఇది కొత్త కాదు, “ఓహో, అన్వయమా” అనగానే సగం టెన్షన్ పోతుంది.

మొదటి అధ్యాయంలోనే సాధనకి మంచి వాక్యం ఉంది, పిల్లాడికి ఆ సాయంత్రం చుట్టూ ఉన్నవి ఒక్కొక్కటీ ఏమిటో తెలియడం గురించి.

1. పెన్సిల్‌తో కర్తకి గీత: ‘ఐ’.
2. క్రియకి రెండు గీతలు: ‘ఫౌండ్ అవుట్’. తెలిసింది. ఏం తెలిసింది?
3. ‘దట్’ వచ్చిన ప్రతిచోటా నంబరు వెయ్యండి. ఏడు వస్తాయి.
4. ఒక్కో దానికి తెలుగులో నాలుగు మాటలు: ముళ్లమొక్కల చోటు శ్మశానం అని, అమ్మానాన్న చనిపోయారని, అన్నదమ్ములు అయిదుగురూ చనిపోయారని, అవతలి చీకటి మైదానం చిత్తడి నేలలని, ఆ సన్నటి గీత నది అని, గాలి వస్తున్న చోటు సముద్రమని, వణుకుతూ ఏడుపు మొదలుపెట్టిన ఆ చిన్న మూట పిప్ అని.
5. ఇప్పుడు వాక్యం మొత్తం గట్టిగా, ఆపకుండా చదవండి.

అయిదో మెట్టు వదలకూడదు. విడదీసింది మళ్లీ అతికితేనే, ప్రపంచమంతా అయ్యాక చివర్లో ఒక చిన్న పిల్లాడు మిగలడం చెవికి తగులుతుంది. ఎవరూ వివరించకుండానే గది నిశ్శబ్దమవుతుంది.

అన్వయం క్లాసుకి ఒక్క వాక్యానికే. ప్రతి వాక్యానికీ ప్రతిపదార్థం మొదలుపెడితే నవల చచ్చిపోతుంది. ఇంట్లో చదివేటప్పుడు అర్థం కాని వాక్యం పక్కన చుక్క పెట్టి ముందుకెళ్లమనండి, పేజీకి రెండు మూడు చుక్కలున్నా కథ ఆగదు.

## 8. తొంభై నిమిషాలు ఎలా పంచుకోవాలి

- 10 నిమిషాలు: ఇప్పటిదాకా కథ. చెప్పేది మీరు కాదు, వారానికొకరు, తెలుగులో.
- 20: ఎంచుకున్న పేరాలు గట్టిగా చదవడం.
- 15: ఒక వాక్యం అన్వయం.
- 10: టీ.
- 30: రెండు ప్రశ్నల మీద చర్చ.
- 5: వచ్చే వారం ఏం గమనించాలో ఒక్క మాట.

మొదటి పది నిమిషాలే వెనకబడ్డవాళ్లకి వంతెన. అది విని, పేరాలు వింటే చర్చలో కూర్చోగలరు. “ఎవరెవరు చదవలేదు, చేతులెత్తండి” అని మాత్రం ఎప్పుడూ అడక్కండి.

సంభాషణ ఎక్కువున్న అధ్యాయాలు పాత్రలు పంచుకుని చదివించండి. 13వ అధ్యాయంలో మిస్ హావిషమ్ జోని ప్రశ్నలు అడిగితే అతను ఆవిడకి జవాబు చెప్పలేక ప్రతి జవాబూ పిప్ వైపు తిరిగి చెబుతాడు. ముగ్గురు నిలబడి చదివితే అందరూ నవ్వుతారు, తర్వాత పిప్ అక్కడ ఎంత సిగ్గుపడ్డాడో గుర్తొచ్చి ఊరుకుంటారు.

## 9. అడగాల్సిన ప్రశ్నలు

“ఈ అధ్యాయం నుంచి మనం ఏం నేర్చుకోవాలి?” అని అడగొద్దు. జీవితం చూసినవాళ్లకి నీతి చెప్పించే ప్రశ్న వేస్తే బడిపిల్లల్లా జవాబు చెబుతారు. పేజీలో వేలు పెట్టి చూపించగలిగే ప్రశ్న వెయ్యండి.

8వ అధ్యాయం. పేకలో నేవ్ అనాల్సింది జాక్ అన్నాడని మిస్ హావిషమ్ పెంచుకున్న అమ్మాయి ఎస్టెల్లా ఎగతాళి చేస్తుంది, మొరటు చేతులు, మందపాటి బూట్లు అంటుంది. ప్రశ్న: ఆ రోజు పొద్దున పిప్‌కి తన చేతులు మొరటువని తెలుసా? అది ఏ వాక్యంలో మారింది?

ఈ ప్రశ్న దగ్గర గది తెరుచుకుంటుంది. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియం కాలేజీకి వెళ్లిన మొదటి రోజు, పట్నంలో చుట్టాలింట్లో భోజనం, అమ్మ కట్టుకొచ్చిన చీర చూసి స్కూల్లో తల దించుకోవడం. ఎవరైనా చెబితే వినండి, ఎవరినీ చెప్పమనకండి. విన్నాక ఓదార్పు మాటలు అక్కర్లేదు, మళ్లీ పుస్తకంలోకి రండి: “మరి పిప్ ఇంటికెళ్లి ఏం చెప్పాడు?” 9వ అధ్యాయంలో అన్నీ అబద్ధాలే చెబుతాడు. ఎందుకు చెప్పాడో ఇప్పుడు వాళ్లకి తెలుసు.

27వ అధ్యాయం. నేను అన్నిటికంటే ఎక్కువ సమయం ఇచ్చే అధ్యాయం. జో లండన్ వస్తాడు. తలుపు దగ్గర పిప్ అని పేరుతో పిలిచిన మనిషి, కాసేపటికి ‘సర్’ అంటాడు. ఇంగ్లీషులో ‘యూ’ ఒకటే, మనకి నువ్వు, మీరు రెండున్నాయి. ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి జో మాటలు తెలుగు చెయ్యమనండి. ఎక్కడ ‘నువ్వు’ అనాలి, ఎక్కడ ‘మీరు’కి మారాలి, ‘సర్’ అన్నచోట ‘బాబుగారూ’ అనాలా, మళ్లీ ఎక్కడ ‘నువ్వు’కి రావాలి? ఒక్క జంట రాసింది ఇంకో జంటతో కలవదు. ఎందుకలా పెట్టారో చెప్పాలంటే పేజీ చూపించాలి. చివర్లో జో విడిపోవడాల్ని అతుకు పెట్టడంతో పోల్చి మాట్లాడతాడు, అది కమ్మరి మాట. అక్కడ ‘మీరు’ పెట్టినవాళ్లు ఇప్పటిదాకా నాకు ఎదురుకాలేదు.

39వ అధ్యాయం. తనని పైకి తెచ్చింది మిస్ హావిషమ్ కాదని, ఆ ఖైదీ మాగ్విచ్ అని పిప్‌కి తెలుస్తుంది. చర్చకి ముందు వెతుకులాట. 18వ అధ్యాయం మళ్లీ తీయించండి, జాగర్స్ ఎక్కడైనా మిస్ హావిషమ్ పేరు చెప్పాడా? చెప్పలేదు, పిప్పే అనుకున్నాడు. 10వ అధ్యాయంలో సారాయి కొట్టులో ఎవరో తన గ్లాసుని ఆకురాయితో కలుపుతాడు, ఆ ఆకురాయి ఎవరిది? ఆధారాలన్నీ కళ్లముందే ఉన్నాయని తెలిశాక మళ్లీ వెనక్కి వెళ్లి చదివేవాళ్లు తయారవుతారు.

42వ అధ్యాయం. ఒకే కేసు, పెద్దమనిషిలా ఉన్న కాంపేసన్‌కి ఏడేళ్లు, మాగ్విచ్‌కి పధ్నాలుగు. తీర్పులో ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మాగ్విచ్ ఏం చెబుతాడో చూసి మాట్లాడమనండి. రాజకీయాల్లోకి వెళ్తుంది, కొంచెం వెళ్లనివ్వండి.

## 10. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

సినిమా ముందే చూపించడం. తర్వాత చదివేటప్పుడు అందరికీ ఆ నటుల ముఖాలే కనిపిస్తాయి. ఒక భాగం పూర్తయ్యాక ఒక్క సీన్ చూపించి, పేజీలో ఉన్నది అందులో ఏం పోయిందో అడగండి.

మీరే కథ చెప్పెయ్యడం. మీరు బాగా చెబుతారు, వాళ్లు ఆనందంగా వింటారు, చదవడం మానేస్తారు. నేను మొదటి ఏడాది చేసిన తప్పు ఇదే.

ఒక్కరే మాట్లాడటం. ప్రశ్న వేశాక రెండు నిమిషాలు అందరూ కాగితం మీద రాసుకోవాలి, తర్వాత మాట్లాడిన మనిషి తర్వాతివారిని పేరు పెట్టి పిలవాలి. మనిషిని నొప్పించకుండా సర్దుకుంటుంది.

ముందే చదివేసి రహస్యం చెప్పెయ్యడం. ముందుకు చదవొచ్చు, క్లాసులో ఆ వారం అధ్యాయం దాటి మాట్లాడకూడదు. గ్రూప్ మెసేజ్‌ల్లో కూడా.

ఉచ్చారణ సరిదిద్దడం. చెయ్యకండి, ఎవరినీ చెయ్యనివ్వకండి. ఆ మాట మీ వంతు వచ్చినప్పుడు మీరు సరిగ్గా పలికితే చాలు.

మధ్యలో ఊపు తగ్గడం. 20 నుంచి 35 అధ్యాయాల మధ్య ఇది కచ్చితంగా వస్తుంది. కంగారు పడకండి. ఆ వారాల్లో 25వ అధ్యాయంలో జాగర్స్ గుమస్తా వెమిక్ ఇల్లు, అతని ముసలి తండ్రి, 30వ అధ్యాయంలో టైలర్ కొట్టు కుర్రాడు పిప్‌ని వీధిలో అనుకరించడం, ఇవి గట్టిగా చదివించండి. అవసరమైతే ఒక అధ్యాయాన్ని మీరే రెండు నిమిషాల్లో చెప్పి దాటించండి, నేరమేం కాదు.

## 11. చివరి వారం

డికెన్స్ మొదట రాసిన ముగింపు వేరు. అందులో పిప్, ఎస్టెల్లా లండన్ వీధిలో కాసేపు కలిసి విడిపోతారు. స్నేహితుడు బుల్వర్ లిట్టన్ సలహాతో మార్చి, పాత ఇంటి శిథిలాల్లో ఇద్దరూ కలిసే ముగింపు అచ్చువేశారు. మొదటిది చాలా ఎడిషన్లలో చివర అనుబంధంగా ఉంటుంది.

రెండూ గట్టిగా చదివించండి. ఏది నచ్చిందని చేతులెత్తించడం కంటే, అచ్చయిన ముగింపులో చివరి వాక్యం చదివి “వీళ్లు కలిసే ఉంటారని ఇక్కడ రాసి ఉందా?” అని అడగండి. దానికి అన్వయం చెప్పించండి. మొదట్లో ఏడు ‘దట్’లు లెక్కపెట్టినవాళ్లు ఇప్పుడు ఆ ఒక్క వాక్యం మీద అరగంట వాదించుకుంటారు.

ఆ రోజు చెయ్యాల్సినవి:

- మధ్యలో ఆగిపోయినవాళ్లకి కూడా ఫోన్ చేసి పిలవండి. చదివినంతవరకు మాట్లాడొచ్చని చెప్పండి.
- ప్రతి ఒక్కరూ చుక్క పెట్టిన వాక్యాల్లో ఒకటి తీసి ఇప్పుడు మళ్లీ చదవాలి.
- తర్వాతి పుస్తకానికి రెండే పేర్లు ముందు పెట్టండి. మా దగ్గర ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’, ‘జేన్ ఎయిర్’ పెట్టాం, జేన్ ఎయిర్ గెలిచింది, 38 అధ్యాయాలు.
- మొదటి క్లాసు తేదీ అక్కడే, అందరూ లేవకముందే రాసుకోండి. మూడు వారాల కంటే ఎక్కువ గ్యాప్ ఇవ్వకండి.